ఉక్కు పొట్టలో ఉత్తర దిక్కు

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఒడ్డుకెక్కి నిలిచిన కుర్సురా జలాంతర్గామిని తెలుగువాళ్లలో చాలామంది చూసే ఉంటారు. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు పనిచేసి, 2001 ఫిబ్రవరి 27న కొలువు విరమించిన ఆ బోటు 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్ల పైచిలుకు. అందులో 75 మంది నెలల తరబడి బతికేవారు. లోపల ఒక్కొక్కరుగా నడవాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి ద్వారంలో ముందు కాలు పెట్టి, తల వంచి, ఒళ్లు దగ్గరకు తీసుకుని దూరాలి. ఎటు చూసినా గొట్టాలు, వాల్వులు, మీటర్లు. కిటికీ ఒక్కటీ లేదు. నీటి అడుగున ఉన్నంతసేపూ ఆ మనుషులకు తూర్పు చూపించే పొద్దు లేదు, ధ్రువ నక్షత్రం లేదు. ఎటు పోతున్నామో తెలియాలంటే ఒక పరికరం చెప్పే మాటే ఆధారం. ఆ పరికరాన్ని ఎక్కడ ఉంచాలన్నది ఒకప్పుడు పెద్ద సమస్య. దానికి దొరికిన పరిష్కారం, ధర్మచింతనలో మనం వేల ఏళ్లుగా అడుగుతున్న ఒక ప్రశ్నను కొత్తగా చూపిస్తుంది. ఏది న్యాయమో తేలనప్పుడు మనిషి తన మనస్సాక్షిని నమ్ముకోవచ్చా? నమ్ముకోవచ్చు, నమ్ముకోవాలి కూడా. అయితే మన స్వార్థం మధ్యలో కూర్చోబెట్టి దాన్ని సాక్ష్యం అడిగితే అది చెప్పేది మన స్వార్థం మాటే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఇనుము సంగతి చూద్దాం. దిక్సూచి ముల్లుకు ఉత్తరం తెలియదు. చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం ఎటు లాగితే అటు తిరగడమే దానికి తెలుసు. భూమి లాగుడు చాలా బలహీనం. పక్కన ఇనుము ఉంటే ముల్లు ఇనుము మాట వింటుంది. చెక్క ఓడల కాలంలో ఇది చిన్న చిక్కు. ఇనప ఓడలు వచ్చాక ప్రాణాల మీదికొచ్చింది. 1838లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ ‘రెయిన్‌బో’ అనే ఇనప ఓడ మీద ప్రయోగాలు చేసి ఈ తప్పును విడదీసి లెక్కకట్టాడు. ఓడను కట్టేటప్పుడు అది ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉందో ఆ దిక్కు సుత్తి దెబ్బల్లో ఇనుముకు పట్టేస్తుంది. అది పుట్టుకతో వచ్చిన వంకర. ఓడ ఏ దిశకు తిరిగితే ఆ దిశను బట్టి మారే వంకర ఇంకొకటి. జలాంతర్గామిలో ఈ రెండింటికీ మూడోది తోడైంది. నీటి కింద అది బ్యాటరీల మీద నడుస్తుంది. మోటార్లు గుంజుకునే భారీ కరెంటు తనే ఒక అయస్కాంతమై, వేగం పెంచినప్పుడల్లా ముల్లును పక్కకు నెడుతుంది. పైగా నాలుగు వైపులా ఉక్కే. అందుకని తొలి తరం నిర్మాతలు దిక్సూచిని ఆ ఉక్కు పొట్టలోంచి తీసి బయట, కంచు తొడుగులో పెట్టారు. కటకాలు బిగించిన గొట్టం గుండా దాని ముఖాన్ని చుక్కాని పట్టినవాడి కళ్ల ముందుకు దించారు. తర్వాత్తర్వాత ఆ పని విద్యుత్ సంకేతాలు చేశాయి. కొలత బయట జరుగుతుంది, చదువుకోవడం లోపల జరుగుతుంది. ఇనుముతో పొత్తే లేని గైరో దిక్సూచి కూడా ఈ అవసరంలోంచే పుట్టింది. జలాంతర్గామిలో ఉత్తర ధ్రువానికి పోవాలని కలగన్న జర్మన్ పరిశోధకుడు హెర్మన్ ఆన్‌షుట్జ్ 1904లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అది భూభ్రమణాన్ని పట్టుకుని నిజమైన ఉత్తరాన్ని చూపుతుంది. కానీ దానికి కరెంటు కావాలి, ధ్రువాల దగ్గర దాని పట్టు సడలుతుంది. అందుకే గైరో వచ్చాక కూడా నావికులు అయస్కాంత దిక్సూచిని పారేయలేదు. వేర్వేరు జాతుల పరికరాలు ఒకదాన్ని ఒకటి సరిచూస్తాయి.

ఇందులో మన మనసుకు పనికొచ్చే పాఠం, వంకరపోయిన ముల్లు వణకదు అన్నది. తప్పు చూపించే దిక్సూచి కూడా నిశ్చలంగా, నిబ్బరంగా నిలబడి చూపిస్తుంది. కాబట్టి నా మనసు నిబ్బరంగా ఉంది అన్న మాట ధర్మానికి రుజువు కాదు. మా నిజామాబాద్ జిల్లా మోర్తాడ్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా అన్నదమ్ములు భూమి పంచుకునే రోజును తలచుకోండి. ఆడబిడ్డ పెళ్లికి కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమల కింద ఇంత పెట్టాం, పండగలకు పిలిచి చీర పెడుతున్నాం, ఇంకా భూమిలో వాటా ఏమిటి అంటారు. అలా అనేవాళ్లలో ఎక్కువమంది దొంగలు కారు. దేవుడి ముందు నిలబెట్టినా తడబడకుండా అదే మాట చెబుతారు. వాళ్ల మనస్సాక్షి నిజంగానే గుచ్చదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం ఆ హక్కును దేశమంతటా కూతుళ్లందరికీ విస్తరించింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని ఖాయం చేసింది. అయినా విరాసత్ (వారసత్వ బదిలీ) కాగితాల మీద ‘నాకు వద్దు’ అని ఆడబిడ్డ చేత సంతకం పెట్టించే ఆనవాయితీ పోలేదు. ఆ అన్నదమ్ముల మనసుకు మూడు ఇనుములూ తగులుతున్నాయి. పెరిగిన పద్ధతి పుట్టుకతో పట్టిన ఇనుము. తాము ఏ వైపు కూర్చున్నారో దాన్ని బట్టి వచ్చేది రెండోది. తమ భార్యల పుట్టింటి వాటా దగ్గరకొస్తే అదే మనసు ఇంకో దిక్కు చూపుతుంది. ఎకరం ధర పెరిగినకొద్దీ నరాల్లో పారే కరెంటు మూడోది.

అంతరంగాన్ని ప్రమాణంగా ఒప్పుకుంటూనే మన పెద్దలు దానికి హద్దు గీశారు. ధర్మానికి ఆధారాలేవో చెప్పే మనుస్మృతి శ్లోకంలో వేదం, దాన్ని ఎరిగినవాళ్ల స్మృతీ శీలమూ, సాధువుల ఆచారం వచ్చాక చిట్టచివర ఆత్మతుష్టి వస్తుంది. కుమారిలభట్టు తంత్రవార్తికంలో ఆత్మతుష్టి గురించి చర్చిస్తూ, దీర్ఘకాలం సంస్కారం పొందిన మనసుకే ఆ అర్హత ఇచ్చాడు. ఆ చర్చలో ఆయన కాళిదాసు నాటకంలోని దుష్యంతుడి మాటనూ ఉదహరించాడు. సందేహం వచ్చినచోట సత్పురుషుల అంతఃకరణమే ప్రమాణం అనేది ఆ మాట సారాంశం. శకుంతలను మొదటిసారి చూసినప్పుడు రాజు తనకు తాను ఇచ్చుకున్న సమాధానం అది. నా మనసు కోరింది కాబట్టి ఈమె నేను పెళ్లాడదగినదే అని. అప్పుడు ఆ ముల్లు సరిగ్గానే చూపింది. ఇంతవరకే చదివి చాలామంది ఆగిపోతారు. అయిదో అంకంలో అదే రాజు, అదే అంతఃకరణంతో, నిండు గర్భిణి అయిన అదే శకుంతలను సభలో నిలబెట్టి నువ్వెవరో నాకు తెలియదంటాడు. అతను అబద్ధం ఆడటం లేదు. పరాయి ఇల్లాలిని చేపట్టే పాపం అంటుతుందేమోనని చిత్తశుద్ధితో భయపడుతున్నాడు. దుర్వాసుడి శాపం అతని జ్ఞాపకాన్ని కప్పింది. కప్పేసిందన్న సంగతి కూడా అతనికి తెలియదు. ధర్మం తప్పకూడదన్న తపనతోనే అతను అధర్మం చేశాడు. నిజం అతని లోపలి నుంచి రాలేదు. ఒక ఉంగరం రూపంలో బయటి నుంచి వచ్చింది. తెచ్చింది ఏ ఋషో మంత్రో కాదు, చేప కడుపులో అది దొరికి, దొంగతనం అంటగట్టి రాజభటులు కొట్టుకుంటూ ఈడ్చుకొచ్చిన జాలరి. రాజు మనసుకు ఉత్తరం చూపిన సాక్ష్యం, రాజుకు ఎంత మాత్రం సంబంధం లేని మనిషి చేతిలో ఉంది. ఈ మలుపు నాకు కాళిదాసు తీర్పులా కనిపిస్తుంది.

మోర్తాడ్‌కు ఉత్తరాన పారే గోదావరి ఒడ్డుకు చెందిన మరో సాక్ష్యం ఉంది. సుత్తనిపాతంలోని పారాయణ వర్గం బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడి కథతో మొదలవుతుంది. అతని ఆశ్రమం అస్సక దేశపు సరిహద్దున గోదావరి తీరంలో ఉంది. ఇప్పటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి నదీద్వీపమే ఆ చోటని, అస్సక రాజధాని మన బోధనేనని పలువురు పరిశోధకుల అభిప్రాయం. ఉన్నదంతా దానం చేసి కూర్చున్న బావరిని ఒక యాచకుడు అయిదు వందలు అడిగాడు. లేవంటే, నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. బావరి తిండి మానేసి భయంతో చిక్కిపోయాడు. జీవితమంతా తపస్సు చేసిన మనసు కూడా భయం ఆవరించినప్పుడు ఆ శాపం వట్టిదో గట్టిదో తేల్చుకోలేకపోయింది. అప్పుడతను తన పదహారుగురు శిష్యులను వందల కోసుల దూరంలో ఉన్న బుద్ధుడి దగ్గరకు పంపాడు. పంపుతూ గుడ్డిగా నమ్మమని చెప్పలేదు. నా వయసు, గోత్రం, గుర్తుల గురించి మనసులోనే అడగండి, నోటితో జవాబు చెబితే అతను బుద్ధుడని ఎరగండి అని పరీక్ష పెట్టాడు. బుద్ధుడి జవాబు బావరి భయాన్ని వేళ్లతో సహా పెకిలించింది. తల అంటే అజ్ఞానం, దాన్ని పగలగొట్టేది జ్ఞానం అన్నాడాయన. ముసలి బావరి తన ఒడ్డు విడిచి వెళ్లలేదు. కొలత ఎక్కడో దూరాన జరిగింది. ఆ శిష్యుల్లో ఒకడైన పింగియుడు వచ్చి చెబితే దాన్ని గోదావరి గట్టున కూర్చుని చదువుకున్నాడు. బుద్ధుడి కాలామ సూత్రాన్ని కూడా సగమే చెప్పుకోవడం మనకు అలవాటైంది. పరంపర వల్లనో, గ్రంథం వల్లనో, గురువు మీది గౌరవం వల్లనో నమ్మవద్దు, మీకు మీరే తెలుసుకోండి అన్నంతవరకు అందరికీ గుర్తుంది. తెలుసుకోవడానికి ఆయన చెప్పిన గీటురాళ్లలో, విజ్ఞులు దాన్ని మెచ్చుతారా, నిందిస్తారా అన్నదీ ఉందని మరచిపోతాం.

దీనికి భక్తులు చెప్పే అభ్యంతరం బలమైనది. బృహదారణ్యకం చెప్పినట్టు అంతర్యామి లోపలే ఉన్నాడు కదా, లోపలి దేవుడి మాటకు బయటి సాక్ష్యం అడగడం అవిశ్వాసం కాదా అంటారు. అంతర్యామి లోపల ఉన్నాడన్నదాన్ని నేను కాదనను. భూమి అయస్కాంత క్షేత్రం కూడా జలాంతర్గామి ఉన్నచోట లేకపోలేదు. అది లేకపోతే బయట పెట్టిన దిక్సూచి కూడా పనిచేయదు. చిక్కల్లా దాన్ని ఉక్కు కప్పి, వంచి, తన గొంతుతో మాట్లాడించడంలో ఉంది. ఉపనిషత్తు అంతర్యామిని చెబుతూ, అతను ఎవరి లోపల ఉన్నాడో వాళ్లు అతన్ని ఎరగరని కూడా చెబుతుంది. అహంకారం చేసే శబ్దాన్ని అంతర్యామి మాటగా పొరబడటం ఎంత తేలికో సాధకులందరికీ తెలుసు. 1933 మే 8న గాంధీజీ అంతర్వాణి ఆదేశించిందంటూ 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టారు. ఆ మాట చెప్పిన మనిషే, తన వాణి భ్రమ కావచ్చని, కాదనడానికి తన దగ్గర రుజువు లేదని ఒప్పుకున్నారు; సత్యం, అహింస, బ్రహ్మచర్యం, అపరిగ్రహం లాంటి నియమాలు పాటించనివారికి ఆ వాణి గురించి మాట్లాడే అర్హత లేదని పదేపదే హెచ్చరించారు. అంతర్వాణిని అందరికన్నా ఎక్కువ నమ్మినవాడే దానికి అందరికన్నా ఎక్కువ కాపలా పెట్టుకున్నాడు.

రెండో అభ్యంతరం మన ప్రాంతం నుంచే వస్తుంది, ఇది ఇంకా గట్టిది. బయటి ప్రమాణం అంటే చివరికి ఊరు చెప్పిందే కదా, ఊరు తప్పితే ఎవరు దిక్కు? ఆర్మూర్ ప్రాంతపు గ్రామాభివృద్ధి కమిటీలు ఇందుకు సాక్ష్యం. గుడులు కట్టించి, బడులకు ఆసరాగా నిలిచిన ఆ కమిటీలే కొన్ని ఊళ్లలో జరిమానాలు వేసి, మాట వినని కులాలను, కుటుంబాలను సాంఘికంగా బహిష్కరించాయి. అవి పత్రికలకెక్కాయి, కేసులయ్యాయి. ఊరంతా ఒక్క మాట మీద నిలబడి ఒక వాడకు కిరాణా సామాను అమ్మవద్దని తీర్మానించినప్పుడు, ఆ తీర్మానాన్ని కాదన్న ఒంటరి మనస్సాక్షే ధర్మం. శాస్త్రం సంగతీ అంతే. ఆత్మతుష్టిని చివరన పెట్టిన ఆ స్మృతిలోనే పుట్టుకను బట్టి శిక్ష మారుతుంది. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అది నా వాదనను కూల్చదు, పదును పెడుతుంది. దిక్సూచిని బయట పెట్టిన నిర్మాతలు దాన్ని ఇంకో ఇనప పెట్టెలో పెట్టలేదు, కంచు తొడుగులో పెట్టారు. బయట ఉండటం ఒక్కటే చాలదు. మన ఇనుము తగలనంత దూరంలో ఉండాలి. ఊరు మనతోపాటే లాభపడుతున్నప్పుడు ఊరి మాట మన ఇనుమే, కాకపోతే ఇంకాస్త పెద్దది. మన లాభంలో పాలు లేని మనిషి ఎవరు? ఆ నిర్ణయం వల్ల నష్టపోయే మనిషి. ఆడబిడ్డ వాటా విషయంలో ఆ ఆడబిడ్డ. బహిష్కరణ విషయంలో ఆ వాడ. దుష్యంతుడి విషయంలో సభలో తల వంచుకుని నిలబడ్డ శకుంతల. వాళ్లకూ స్వార్థం ఉంటుంది కదా అనవచ్చు. ఉంటుంది. కానీ ఆ ఇనుము లాగేది మరో దిక్కుకు. గైరో తప్పు వేరు, అయస్కాంతం తప్పు వేరు కాబట్టే రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ప్రయోజనం. ఒకే ఇనుము మధ్య పెట్టిన రెండు ముళ్లు ఒకే అబద్ధాన్ని రెండుసార్లు చెబుతాయి. మన వాళ్లందరినీ అడిగాను, అందరూ నాదే న్యాయమన్నారు అనే మాటకు విలువ లేకపోవడం ఇందుకే.

తార్కికులు మూడో ప్రశ్న వేస్తారు. ఒక ప్రమాణాన్ని ఇంకోదానితో సరిచూడాలంటే, ఆ ఇంకోదాన్ని దేనితో సరిచూస్తావు? దీనికి అంతెక్కడ? ఈ అనవస్థకు భయపడే మీమాంసకులు జ్ఞానం దానంతటదే ప్రమాణమని, దోషం కనబడితేనే దాన్ని తోసిపుచ్చాలని అన్నారు. నైయాయికులు కాదన్నారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహ దీపికలో ఆ వైపు నిలబడి, జ్ఞానం సరైనదా కాదా అన్నది పని నెరవేరడాన్ని బట్టి తెలుస్తుందన్నాడు. నీళ్లని తోచినచోటికి పోయి తాగగలిగితేనే ఆ తోచడం నిజం. నావికులు ఈ ఇద్దరి మాటా పాటిస్తారు. నీటి కింద నడిచేటప్పుడు చుక్కాని పట్టినవాడు క్షణక్షణం సందేహిస్తూ కూర్చోలేడు. దోషం బయటపడేదాకా ముల్లునే నమ్ముతాడు. కానీ ఎంత మంచి పరికరమైనా కొద్ది కొద్దిగా పక్కకు జారుతుంది, ఉపగ్రహ సంకేతాలు సముద్రపు నీళ్లలోకి దిగవు. కాబట్టి అప్పుడప్పుడూ పైకి తేలి, దీపస్తంభాన్నో చుక్కనో, ఇప్పుడైతే ఉపగ్రహాన్నో చూసి తానెక్కడున్నాడో తేల్చుకుంటాడు. రేవులో ఉన్నప్పుడు ఓడను చుట్టూ తిప్పి, ఏ దిశలో ముల్లు ఎన్ని డిగ్రీలు తప్పుతుందో పట్టిక రాసి పెట్టుకుంటాడు. ఆ పట్టిక ముల్లు మీద అపనమ్మకం కాదు, ముల్లును నమ్మడానికి దారి. మనిషికీ అలాంటి పట్టిక కావాలి. డబ్బు దగ్గర నా మనసు ఎటు జారుతుంది, కులం దగ్గర ఎటు, కోపంలో ఎటు అని ఎరిగి ఉండటమే ఆత్మజ్ఞానంలో మొదటి మెట్టు. సత్సంగం, వ్రతం, పశ్చాత్తాపం, రంజాన్ ఉపవాసం, చర్చిలో పాపాల ఒప్పుకోలు, ఇవన్నీ మనిషి నీళ్ల పైకి తేలి తన జాడ తేల్చుకోవడానికి మతాలు ఏర్పరచిన వేళలు. ఆ వేళల్లో కూడా కళ్లు మూసుకుని మన ఉక్కు పొట్టలోనే కూర్చుంటే పైకి తేలిన ఫలితం లేదు.

అయితే మనిషి తన బాధ్యతను ఇంకొకరి చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండవచ్చా? ఉండకూడదు. దిక్సూచి బయట ఉన్నా చుక్కాని లోపలే ఉంటుంది. ముల్లు ఉత్తరం చూపుతుందే తప్ప ఉత్తరానికే పొమ్మనదు. ఎటు పోవాలో నిర్ణయించేది, ఫలితం అనుభవించేది లోపలి మనుషులే. గీత పదహారో అధ్యాయం ఏది చేయాలో ఏది కూడదో తేల్చుకోవడానికి శాస్త్రమే నీకు ప్రమాణం అంటుంది. పద్దెనిమిదో అధ్యాయానికి వచ్చేసరికి అదే కృష్ణుడు, చెప్పిందంతా పూర్తిగా ఆలోచించి నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అంటాడు. రెండు మాటలకూ పొసగదని కొందరంటారు. నాకు అక్కడ వైరుధ్యం కనిపించదు. కొలత నీది కాకూడదు, నిర్ణయం నీదే కావాలి. మోర్తాడ్, ఏర్గట్ల, కమ్మర్‌పల్లి రైతులకు ఈ సంగతి వేదాంతులకన్నా బాగా తెలుసు. తొమ్మిది నెలలు పెంచిన పసుపును తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసి, డ్రమ్ములో తిప్పి మెరుపు తెచ్చి, కాడి వేరు గోళ వేరు చేసి అమ్మేనాటికి, బరువు తన చేతి అంచనాకూ వదలడు, కొనేవాడి తూకానికీ వదలడు. ఇద్దరికీ చుట్టం కాని ధర్మకాంట మీద బండి ఎక్కిస్తాడు. ఆ కాంట ధర నిర్ణయించదు, అమ్మమనదు, మానమనదు. బరువెంతో చెబుతుంది. అమ్మాలా వద్దా, నిజామాబాద్ యార్డులోనా సాంగ్లీలోనా అన్నది రైతే తేల్చుకుంటాడు. పసుపు విషయంలో ఇంత జాగ్రత్త పడే మనం, న్యాయం విషయంలో మాత్రం మన చేతి అంచనాయే చాలనుకుంటున్నాం.

మనస్సాక్షి మనకున్న పరికరాల్లోకెల్లా గొప్పది. దాన్ని లాభాల మధ్య, భయాల మధ్య, మనవాళ్ల పొగడ్తల మధ్య పెట్టి అడగడం దానికి చేసే అన్యాయం. కాబట్టి ఈ వ్యాసం చదివినవారికి నా విన్నపం ఒకటే. పంపకం కాగితం మీదో, కమిటీ తీర్మానం మీదో సంతకం పెట్టే ముందు, దానివల్ల నష్టపోయే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. మీరు చేయబోయేదేమిటో, ఎందుకో, ఆ మనిషి ముఖం చూసి మొత్తం చెప్పండి. ఆ మనిషి చెప్పేది చివరిదాకా వినండి. ఆ తర్వాత కూడా మీ మనసు మొదటి దిక్కునే చూపితే, ధైర్యంగా ఆ దారిన పోండి. ఆ మనిషి ముందు చెప్పలేకపోతే మాత్రం కలం కింద పెట్టండి; తప్పు ముల్లులో లేదు, మీరు దాన్ని ఉంచిన చోటులో ఉంది.